తిమింగలాల వేట ఓడలకు అడ్డంపడేవాళ్ళు చట్టాన్ని చేతుల్లోకి తీసుకుంటున్నట్టేనా?

మీరు అడిగింది ఇది: తిమింగలాల్ని చంపే ఓడలకు అడ్డం వెళ్ళే కార్యకర్తల్ని సమర్థిస్తారా, అది చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవడం కాదా అని.

సమర్థిస్తాను, నూటికి నూరుపాళ్ళు. గుంటూరులో ఉండేవాడికి తిమింగలాల సంగతి ఎందుకంటారేమో. మాకు బాపట్ల దగ్గరి సూర్యలంక సముద్రతీరం గంటన్నర ప్రయాణం. అక్కడ ఒక రాత్రి చూసింది చెబుతాను.

కిందటేడు ఫిబ్రవరిలో బాపట్లలో మా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మా మేనల్లుడు, తాబేళ్ళ గుడ్లు కాపాడే కుర్రాళ్ళతో రాత్రుళ్ళు తీరం వెంట తిరుగుతుంటాడు. "ఒక్కసారి రా మావయ్యా" అని లాక్కుపోయాడు. రాత్రి రెండున్నర. టార్చి వెయ్యనివ్వలేదు, వెలుగు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుందట. ముందు నడిచేది అరవై దాటిన పాత జాలరి, అందరూ బాబాయ్ అంటారు. ఇసుకలో ట్రాక్టరు టైరు పోయినట్టు జాడ కనిపించగానే చెయ్యెత్తి మమ్మల్ని ఆపేశాడు.

ఆలివ్ రిడ్లే తాబేలు. వెనక కాళ్ళను గరిటెల్లా వంచి, ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక తోడి పక్కన పోస్తోంది. మూరెడు లోతు గొయ్యి. తర్వాత గుడ్లు, రెండేసి మూడేసి, జిగురుతో మెరుస్తూ జారాయి. పూడ్చాక దిమ్మిస కొట్టినట్టు ఒళ్ళంతా అటూ ఇటూ ఊపి ఇసుకను అణిచింది. అంత ఒళ్ళు హూనం చేసుకుని సముద్రంలోకి పోయింది. బాబాయ్ గుడ్లు తీసి తడి ఇసుకున్న బకెట్లో పెడుతూ లెక్కపెట్టాడు: 118. కంచె వేసిన చోట మళ్ళీ పాతిపెట్టాలి, లేకపోతే కుక్కలు వదలవు.

తెల్లారాక అర కిలోమీటరు నడిస్తే ఇంకోటి కనిపించింది. చచ్చిపోయి ఉంది. మెడ ఉబ్బిపోయింది, కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి, డొప్ప మీద గీత కూడా లేదు. "వల్లో ఊపిరాడక పోయింది బాబూ" అన్నాడు బాబాయ్. తాబేలు మనలాగే గాలి పీల్చాలి. ట్రాల్ వలను గంటల తరబడి అడుగున ఈడ్చుకుపోతే లోపల చిక్కింది పైకి ఎలా వస్తుంది? ఆ ఉదయం అలాంటివి నాలుగు చూశాం. ఒకదాన్ని కుక్కలు చీల్చాయి. పొట్టలో ఇంకా పెంకు కట్టని గుడ్లు, కోడిగుడ్డు సొన రంగులో.

వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది, పులికున్నంత రక్షణ. మన రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేట చెయ్యకూడదు. ఆ రోజు బోట్ల దీపాలు ఒడ్డు మీద నుంచి లెక్కపెట్టగలిగాం. మేనల్లుడు ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే "వెళ్ళడానికి మాకు బోటు లేదండీ" అన్నారు.

తిమింగలాలకూ ఇదే గతి. వ్యాపారం కోసం వాటిని చంపొద్దని అంతర్జాతీయ తిమింగలాల వేట కమిషన్ 1982లోనే తీర్మానించింది, 1986లో అమలైంది. జపాన్ పరిశోధన అని పేరు పెట్టి అంటార్కిటిక్ దాకా వెళ్ళి చంపింది. ఆస్ట్రేలియా కోర్టుకెక్కితే, అది శాస్త్ర పరిశోధన కోసం చేస్తున్నది కాదని 2014లో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది. 2019లో జపాన్ ఏకంగా కమిషన్ నుంచే తప్పుకుని తన సముద్రంలో వేట మొదలుపెట్టింది. థండర్ అనే దొంగ చేపల ఓడ మీద ఇంటర్‌పోల్ నోటీసు ఉండేది. దాన్ని 110 రోజులు వెంటాడింది ఏ దేశపు నౌకాదళమూ కాదు, తిమింగలాల వేట ఓడలకు అడ్డంపడే సీ షెపర్డ్ అనే సంస్థ కార్యకర్తలే. 2015 ఏప్రిల్లో ఆ ఓడ మునిగిపోతే అందులోని 40 మందినీ కాపాడింది కూడా వాళ్ళే. చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్నారంటారా? దిక్కులేక నేలమీద పడున్నదాన్ని ఎత్తి పట్టుకున్నారంటాను నేను.

అలాగని జాలర్లను తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మన తీరంలో వేట అంటే కూడు. బాబాయ్ పెద్దకొడుకే బోటు మీద కలాసీ. వలలో అడ్డంగా ఊచల చట్రం బిగిస్తే తాబేలు దానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది, రొయ్యలు ఊచల మధ్య నుంచి వలలోకి పోతాయి. కొన్ని రొయ్యలు జారిపోతాయని బోటు యజమానులు బిగించరు. కలాసీ ఏం చేస్తాడు? అది లేదనే అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది. అయినా మనకు పట్టలేదు. సంక్రాంతికి సూర్యలంక వచ్చి సీసాలు, ప్లాస్టిక్ పళ్ళేలు ఇసుకలో వదిలి పోయే జనానికి అసలే పట్టదు. గూడు పెట్టే చోటే ఆ గాజుపెంకులు!

ఇక వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తాబేళ్ళు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి వరకు. నిషేధం మొదలయ్యేసరికి పెట్టేవి పెట్టేస్తాయి, చచ్చేవి చచ్చిపోతాయి. ఆ రెండు నెలల్ని ముందుకు జరపమనను, చేపలు గుడ్లు పెట్టే కాలమది. తాబేళ్ళు వచ్చే ఆ మూడు నెలలూ 8 కిలోమీటర్ల హద్దు దగ్గర ఒక్క బోటు కాపలా తిరిగితే చాలు. దాని డీజిలుకు చందా వేసుకుందామని ఎవరైనా ముందుకొస్తే మొదటి పేరు నాది రాసుకోండి.