పాత సెయిల్ బోటు డెక్ హ్యాచ్ కారుతోంది, చుట్టూ సిలికాన్ పూస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇది: చెన్నై హార్బర్‌లో స్నేహితుడితో కలిసి ముప్పై అడుగుల పాత సెయిల్ బోటు కొన్నారు. వాన పడితే ముందు కేబిన్ హ్యాచ్ (డెక్, అంటే బోటు పైతలం మీద తెరిచి మూసే అద్దపు మూత) దగ్గర నీళ్లు దిగి పరుపులు తడుస్తున్నాయి. చుట్టూ సిలికాన్ పూసేస్తే పోతుందని ఎవరో చెప్పారు, పూయవచ్చా?

పూయకండి. ఎక్కడ కారుతోందో తేలేదాకా ఆ ట్యూబు పక్కన పెట్టండి. సిలికాన్ అంటుకున్న చోట కంటికి కనిపించని పల్చటి పొర మిగిలిపోతుంది. గీకినా, ఎమరీ పేపర్ పెట్టినా పూర్తిగా వదలదు. దాని మీద ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) పట్టదు, రంగు పట్టదు, వేరే సీలెంట్ పట్టదు. చివరికి కొత్త సిలికాన్ కూడా సరిగా పట్టదు. పైగా బయటి అంచు మూసేస్తే, వేరే దారిలో లోపలికి చేరిన నీళ్లు అక్కడే నిలిచిపోతాయి. మా బోటును మాకు అమ్మినాయన చేసిన పని ఇదే. హ్యాచ్ చుట్టూ తెల్లగా, లావుగా సిలికాన్ కట్ట వేసి ఉంది. ఫ్రేము లేపి చూస్తే కింద డెక్ పొరల మధ్య ఉండే ప్లైవుడ్ నల్లబడి, స్క్రూడ్రైవర్ పెడితే దిగబడిపోతోంది. నీటి చుక్కలతో మొదలైన పని వడ్రంగం దాకా వెళ్లింది.

హ్యాచ్‌లో నీళ్లు రాగల అతుకులు మూడు. మూతకూ కింది ఫ్రేముకూ మధ్య ఉండే రబ్బరు గ్యాస్కెట్ ఒకటి. మూతలోని యాక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) అద్దానికీ దాని అల్యూమినియం ఫ్రేముకూ మధ్య ఉండే సీలెంట్ రెండోది. కింది ఫ్రేముకూ డెక్కుకూ మధ్య ఉండేది మూడోది. వీటికి తోడు, చాలా హ్యాచ్‌లలో హ్యాండిల్ కడ్డీ అద్దాన్ని తొలుచుకుని లోపలికి వస్తుంది, దానికి చిన్న ఓ-రింగులుంటాయి. ఒక్కోదానికి మందు వేరు, ఒకదానికి వాడింది ఇంకోదానికి వాడితే పాడవుతుంది.

చుక్క పడే చోటు చూసి అక్కడే కారుతోందని అనుకోవద్దు. ఇంటి స్లాబు కారినప్పుడు మరక హాల్లో కనిపించి, పగులు మేడ మీద ఇంకో మూలన ఉంటుంది కదా, ఇదీ అంతే. మా బోటులో నీళ్లు హ్యాచ్ వెనక మూల నుంచి పడేవి. లోపలి ట్రిమ్ (అంచును కప్పే పట్టీ) విప్పాక తెలిసింది, అవి ముందు వైపు స్క్రూ రంధ్రంలో దిగి, సీలింగ్ లైనింగ్ మీదుగా పల్లానికి పారి వస్తున్నాయని. బోటు ముక్కు ఎత్తుగా ఉంటుంది కాబట్టి నీళ్లు వెనక్కే వస్తాయి.

అందుకని ముందు లోపలి ట్రిమ్ విప్పండి. అంచులన్నీ పొడిగుడ్డతో తుడిచి, చుట్టూ టిష్యూ పేపరు అతికించండి. ఒకరు లోపల టార్చి పట్టుకుని ఉండాలి, ఇంకొకరు పైన పైపుతో సన్నగా నీళ్లు వదలాలి. ప్రెషర్ పెట్టవద్దు, పెడితే బాగున్న అతుకులోంచి కూడా నీళ్లు దూరి తప్పుదారి పట్టిస్తాయి. ముఖ్యం ఏమిటంటే కింది నుంచి పైకి రావాలి. మొదట ఫ్రేము డెక్కును తాకే చోట ఒక్కటే తడపండి, పది నిమిషాలు ఆగండి. టిష్యూ పొడిగా ఉంటే గ్యాస్కెట్ దగ్గరికి రండి. చివర్లో అద్దం అంచుకు, హ్యాండిల్‌కు. ముందే పైన పోస్తే నీళ్లు అన్ని అతుకుల మీదా పారతాయి, ఏదీ తేలదు. ఈ పరీక్షకు ఒక పూట ఖర్చయినా తొందరపడకండి. రిపేరు కంటే ఇదే ముఖ్యమని నా నమ్మకం.

గ్యాస్కెట్ అయితే మీరు అదృష్టవంతులు. కాగితం ముక్క అంచున పెట్టి మూత బిగించి లాగి చూడండి. చుట్టూ ఒకే బిగువు రావాలి, ఎక్కడైనా ఊరికే జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు నలిగి చదునైపోయినట్టు. అది మళ్లీ ఉబ్బదు, మార్చాల్సిందే. తయారీ కంపెనీ గ్యాస్కెట్ దొరికితే మంచిది. దొరక్కపోతే పాతదాని ముక్క కోసుకుని జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కారు యాక్సెసరీల దుకాణాలకు వెళ్లి, అదే ఆకారం, అదే ఎత్తు ఉన్న ఈపీడీఎం (ఎండకు, వానకు తట్టుకునే రబ్బరు) బీడింగ్ అడగండి. ఎత్తు తేడా వస్తే మూత పడదు, బలవంతంగా మూస్తే హింజ్ వంగుతుంది. పెట్టేటప్పుడు రబ్బరును లాగకండి. లాగిన రబ్బరు కొన్నాళ్లకు వెనక్కి కుంచించుకుని అతుకు దగ్గర సందు ఇస్తుంది. కొద్దిగా పొడవుగానే కోసి లోపలికి నొక్కండి. అతుకు హింజ్ వైపు రానివ్వండి. గ్రీజు, నూనె పూయవద్దు, ఈపీడీఎం ఉబ్బి పాడవుతుంది. టాల్కం పౌడర్ చాలు.

అద్దం అంచు దగ్గర కారుతుంటే పని కాస్త పెద్దది. ఇక్కడ మాత్రం సిలికానే సరైనది, అయితే హార్డ్‌వేర్ షాపుల్లో బాత్రూముకు ఇచ్చే వెనిగర్ వాసన రకం కాదు. అందులోంచి వచ్చే ఆమ్లం అల్యూమినియాన్ని తింటుంది. న్యూట్రల్ క్యూర్ రకం, అంటే గట్టిపడేటప్పుడు ఆమ్లం వదలనిది కావాలి. ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద అద్దాల ఐటీ భవనాలకు వాడే స్ట్రక్చరల్ గ్లేజింగ్ సిలికాన్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. డౌసిల్ 795 ఆ కోవదే, విదేశాల్లో బోటు వాళ్లు కూడా అద్దాలకు దాన్నే ఎక్కువగా వాడతారు. గ్లేజింగ్ సామాను అమ్మేవాళ్లను అడగండి.

పాలీయురేతేన్ సీలెంట్లలో మామూలు రకాలు, పాలీసల్ఫైడ్ సీలెంట్లు యాక్రిలిక్‌కు పడవు. బోటు సామాన్లలో గట్టి జిగురుగా పేరున్నది కదా అని తెచ్చి పూస్తే కొన్నాళ్లకు అద్దం అంచుల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. థిన్నర్, అసిటోన్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కూడా అదే పని చేస్తాయి. అద్దాన్ని సబ్బు నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి, అంతే.

అద్దంలో ఇప్పటికే సాలెగూడులాగా పగుళ్లుంటే కొత్తది కోయించండి. సైన్‌బోర్డులు చేసేవాళ్ల దగ్గర యాక్రిలిక్ దొరుకుతుంది, కాస్ట్ షీటే (అచ్చులో పోసి చేసింది) కావాలని గట్టిగా అడగండి, ఎక్స్‌ట్రూడెడ్ (యంత్రంలోంచి ఒత్తి తీసింది) త్వరగా పగులుతుంది. మందం పాతదానికి సమానంగా ఉండాలి. పాత అద్దాన్నే కొలతకు ఇవ్వండి. కానీ అంచు చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు ఉండేలా చూసుకోండి. ఎందుకంటే యాక్రిలిక్ వేడికి అల్యూమినియం కంటే మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. అర మీటరు హ్యాచ్‌లో, తెల్లవారుజాముకూ మే నెల మిట్టమధ్యాహ్నానికీ మధ్య అద్దం నలభై డిగ్రీలు వేడెక్కితే, రెండింటి మధ్య తేడా సుమారు ఒక మిల్లీమీటరు వస్తుంది. రోజూ ఆ మిల్లీమీటరు సాగి ముడుచుకోవడం సీలెంట్ తట్టుకోవాలి. పల్చటి పొర తట్టుకోలేదు, చీలుతుంది. అందుకే అద్దాన్ని ఫ్రేముకు అదిమేయకుండా, కింద చిన్న రబ్బరు ముక్కలు పెట్టి సీలెంట్ మందంగా నిలిచేలా చూడండి. పొద్దున్నే పని పెట్టుకోండి, ఎండలో కాలిన అల్యూమినియం మీద పైపొర చప్పున గట్టిపడి కింద సరిగా అతకదు. తర్వాత కనీసం వారం కదపవద్దు, ఎవరినీ హ్యాచ్ మీద కాలు పెట్టనివ్వద్దు.

ఇక ఫ్రేముకూ డెక్కుకూ మధ్య. ముప్పై అడుగుల పాత బోట్లలో నేను ముందు అనుమానించేది ఇదే. స్క్రూలన్నీ తీసినా ఫ్రేము రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తవద్దు. అల్యూమినియం ఫ్రేము ఒక్కసారి వంగితే మూత మళ్లీ సమంగా కూర్చోదు. సన్నటి స్టీలు తీగ రెండు చివర్లా చెక్క ముక్కలు కట్టుకుని, రంపంలా అటూ ఇటూ లాగుతూ పాత జిగురును కోయండి. విసుగు పుట్టినా ఆ దారే మంచిది.

ఫ్రేము వచ్చాక డెక్ కోసిన అంచు చూడండి. ప్లైవుడ్ కానీ బాల్సా (తేలికపాటి చెక్క) కానీ తడిగా ఉంటే కుళ్లింది గీకేసి, ఫ్యాను పెట్టి చాలా రోజులు ఆరనివ్వాలి. పూర్తిగా ఆరాక చిక్కటి ఎపాక్సీతో అంచంతా మూయండి. పాత స్క్రూ రంధ్రాలను పెద్దవి చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ సన్నగా తొలవండి. అప్పుడు రేపు సీలెంట్ విఫలమైనా నీళ్లు చెక్కకు తగలవు. మా బోటుకు ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే, ఎక్కువ మేలు చేసిందీ ఇదే.

ఫ్రేము కింద నేను బ్యూటైల్ టేపు (జిగురుగా, మెత్తగా ఉండే రబ్బరు పట్టీ) వేస్తాను. షీటు రూఫింగ్ పనులకు వాడతారు కాబట్టి ప్యారీస్ కార్నర్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగి చూడండి. అది ఎప్పటికీ గట్టిపడదు, డెక్ కదిలితే తానూ కదులుతుంది, ఎన్నేళ్ల తర్వాతైనా శుభ్రంగా ఊడి వస్తుంది. స్క్రూ తల కింద కూడా సన్నటి తీగలా చుట్టండి. ఒక్కసారే బిగించేయకుండా రోజుకు కొంచెం బిగిస్తూ, బయటికి వచ్చింది కోసేయండి. చెన్నై ఎండకు అది చాలా రోజులు పొంగుతూనే ఉంటుంది, కంగారు పడకండి. స్టెయిన్‌లెస్ స్క్రూ అల్యూమినియంను తాకే చోట డ్యూరాలాక్ లాంటి పేస్టు రాయండి, లేకపోతే ఉప్పు గాలికి రెండు లోహాల మధ్య తుప్పు మొదలై ఫ్రేము రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది.

ఈ పనంతా ఫిబ్రవరి నుంచి మే లోపు పెట్టుకోండి. మన దగ్గర ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది, అప్పుడు డెక్ ఆరే ప్రశ్నే లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల వైపు వెళ్లే ముందు చెన్నైని ఎలా ముంచిందో మీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటి వాన మీద పడితే బోటు గట్టున ఉన్నా ఒకటే, నీళ్లలో ఉన్నా ఒకటే.

ఈ ఏడాది వాన ఇప్పటికే మొదలైపోయి ఉంటే ఏ సీలెంటూ పెట్టకండి. హ్యాచ్ కంటే అన్ని వైపులా జానెడు పెద్దగా టార్పాలిన్ కోయించి, లైఫ్‌లైన్లకు (డెక్ చుట్టూ ఉండే రక్షణ తీగలకు) తాడుతో లాగి కట్టండి, నీళ్లు నిలవకుండా మధ్యలో కాస్త ఎత్తు ఇవ్వండి. లోపల పరుపులు తీసేసి ట్రిమ్ విప్పి ఉంచండి, చెక్కకు గాలి తగులుతుంది. పైపు పరీక్ష చేశాక టిష్యూ ఏ వైపు తడిసిందో, అద్దం మందం ఎంతో, ఫ్రేముకూ డెక్కుకూ మధ్య సందు ఎంతుందో రాయండి. టేపు మందం, ఎన్ని వరసలు వేయాలో అప్పుడు చెప్తాను.