ఈనకముందు కాల్షియం తాగించినా పాలజ్వరం ఎందుకొచ్చింది?

ప్రశ్న: మా ముర్రా గేదె నాలుగో ఈత ఈనింది. మర్నాడు లేవలేక మెడను డొక్కవైపు తిప్పుకుని పడుకుంది. చెవులు చల్లబడ్డాయి. డాక్టరు గారు కాల్షియం సీసా ఎక్కిస్తే లేచింది. నిరుడూ ఇదే తంతు. అందుకే ఈసారి నెల ముందు నుంచీ రోజూ కాల్షియం టానిక్ తాగించాను. విటమిన్ డి లోపమా?
– ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: పాలజ్వరమంటే ఈనిన వెంటనే రక్తంలో కాల్షియం పడిపోవడం. గేదె ఎండలో తిరుగుతుంటే విటమిన్ డికి లోటుండదు. అనుమానించాల్సింది ఆ టానిక్‌నే.

చర్మంలో తయారైన విటమిన్ డి నేరుగా పనికిరాదు. కాలేయంలో ఒకసారి, మూత్రపిండంలో మరోసారి మారాలి. ఆ రెండో మార్పుకు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి హార్మోను కావాలి. రక్తంలో కాల్షియం తగ్గితేనే ఆ గ్రంథి హార్మోను వదులుతుంది. అప్పుడే పేగు మేతలోని కాల్షియాన్ని బాగా పీల్చుకుంటుంది, ఎముకలు నిల్వను వదులుతాయి. మీరు నెలపాటు టానిక్ పోయడంతో గ్రంథికి పని లేకుండా పోయింది. పశువు రక్తంలో తిరిగే కాల్షియం 3 గ్రాముల లోపే. జున్నుపాలు లీటరుకు 2 గ్రాములకు పైగా లాగేస్తాయి. గ్రంథి మేల్కొని, పేగు అందుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా పశువు పడిపోతుంది. పేరుకు పాలజ్వరమే గానీ ఒళ్లు చల్లబడుతుంది. వయసు పెరిగేకొద్దీ పేగు మందగిస్తుంది, అందుకే మూడో ఈత దాటాకే ఎక్కువ.

మెగ్నీషియం తగ్గితే హార్మోను సరిగా ఊరదు. పచ్చిమేతలో పొటాషియం మరీ ఎక్కువైతే ఊరిన హార్మోను మాట మూత్రపిండం, ఎముక వినవు. భాస్వరం మితిమీరినా మూత్రపిండంలో ఆ మార్పు మందగిస్తుంది. తవుడులో కిలోకు సుమారు 15 గ్రాముల భాస్వరం ఉంటుంది, చూసి పెట్టండి.

వచ్చే ఈతకు చివరి 3 వారాలు టానిక్‌నూ, కాల్షియం ఎక్కువున్న లూసర్న్, సుబాబుల్ మేతనూ ఆపి జొన్నచొప్ప, కొద్దిగా దాణా పెట్టండి. రక్తాన్ని కాస్త ఆమ్లం వైపు తిప్పి, హార్మోను మాట వినేలా చేసే అమ్మోనియం క్లోరైడ్ లవణాన్ని పశువైద్యుని సలహాతో పూటకు 50 గ్రాములు దాణాలో కలపవచ్చు. చేదుగా ఉంటుంది, బెల్లం కలపకపోతే ముట్టదు. మూత్రాన్ని పీహెచ్ (ఆమ్లత) కాగితంతో చూడండి: 6–7 మధ్య ఉంటే చాలు, 6 కంటే దిగితే మోతాదు తగ్గించండి. ఈనిన రోజున అమ్మోనియం క్లోరైడ్ ఆపేసి, కాల్షియం జెల్ వెంటనే ఒకటి, 12 గంటలకు మరొకటి ఇవ్వండి. లవణ మిశ్రమం అప్పటి నుంచే. మొదటి రోజు పొదుగు పూర్తిగా పిండకండి.

పడిపోయిన పశువుకు నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గడ్డి మోపులు ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టి పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. డాక్టరు 450 మి.లీ. కాల్షియం సీసాను గోరువెచ్చగా చేసి 15–20 నిమిషాలు నెమ్మదిగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది.

విటమిన్ డి ఇంజెక్షన్‌ను మీ అంతట మీరు పదేపదే వేయించకండి. మోతాదు మించితే గుండెలో, రక్తనాళాల్లో కాల్షియం పేరుకుపోతుంది.