సెకండ్‌హ్యాండ్‌లో ఖరీదైన లెన్స్ కొనేముందు బిల్డ్ క్వాలిటీ ఎలా చూడాలి?

తమ్ముడూ, రాయగడ నుంచి విశాఖ వెళ్లి సెకండ్‌హ్యాండ్‌లో కెనాన్ 24-70 ఎఫ్ 2.8 ఎల్ జూమ్ లెన్స్ తీసుకుందామనుకుంటున్నావు. అమ్మే ఆయన "రాయిలా ఉంది, బిల్డ్ క్వాలిటీకి ఢోకా లేదు" అన్నాడని, పట్టుకుంటే నీకూ అలాగే అనిపించిందని రాశావు. ఇంకేం చూడాలి అన్నది నీ ప్రశ్న. చేతికి తెలిసేది పైతొడుగు గట్టిదనమే. లోపలి గాజులు అన్నీ ఒకే వరుసలో సరిగ్గా కూర్చున్నాయా అన్నది చేతికి తెలియదు. నేను దెబ్బతిన్నది అక్కడే.

నాది బరంపురం, పెళ్లి ఫొటోలు తీస్తాను. 2017లో ఇదే లెన్స్ మొదటి మోడల్ ఒకాయన దగ్గర పాతది కొన్నాను. ఎక్కడా గీత లేదు, రింగులు మెత్తగా తిరుగుతున్నాయి, బరువు చూసి మురిసిపోయాను. నెల తిరక్కుండా ఒక పెళ్లిలో గ్రూప్ ఫొటో తీశాను. కెమెరా స్క్రీన్ మీద అంతా బాగానే ఉంది. ఆల్బమ్ చేసేటప్పుడు పెద్దది చేసి చూస్తే, కుడి చివర నిలబడినావిడ బరంపురం పట్టుచీర అంచులో గుడి గోపురాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఎడమ చివర పెళ్లికూతురి పెద్దమ్మదీ అదే అంచు, కానీ ఆ గోపురాలన్నీ కలిసిపోయి ఒక చారలా కనిపించాయి. ముఖం కూడా అంతే. ఆ అమ్మాయిని పెంచింది ఆవిడే. ఆ ఫొటో మళ్లీ తీసే వీలు లేదు కదా, చాలా రోజులు మనసు మనసులో లేదు.

సర్వీసుకి ఇస్తే, ఎప్పుడో కింద పడి లోపల ఒక గాజు కాస్త పక్కకి ఒరిగిందన్నారు. దీన్నే డీసెంటరింగ్ అంటారు. బయట ఏ గుర్తూ లేదు.

బరువు సంగతి కూడా చెబుతాను. 2002లో వచ్చిన కెనాన్ 24-70 బరువు 950 గ్రాములు. 2012లో వచ్చిన రెండో మోడల్ 805 గ్రాములే, ఫొటో మాత్రం అంచుల దాకా మొదటిదానికంటే స్పష్టంగా వస్తుంది. సోనీ జీ మాస్టర్ 24-70 కూడా రెండో మోడల్‌కి వచ్చేసరికి 886 నుంచి 695 గ్రాములకు తగ్గింది. కాబట్టి తేలిగ్గా ఉందని చిన్నచూపు వద్దు, బరువుందని నమ్మకమూ వద్దు.

అసలు పరీక్ష గోడ మీద చెయ్యాలి. వెళ్లేటప్పుడు ట్రైపాడ్, నీ కెమెరా, పాత దినపత్రిక నాలుగైదు షీట్లు, టేపు పట్టుకెళ్లు. ఫ్రేమ్ నాలుగు మూలలూ, మధ్య భాగమూ నిండేలా షీట్లు గోడకు అంటించు. కెమెరాను గోడకు సూటిగా పెట్టి, లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద చూస్తూ, మధ్యలో ఫోకస్ చేసి, ఎఫ్ 2.8 దగ్గర, అంటే లెన్స్ పూర్తిగా తెరిచి, జూమ్ రింగ్ మీది 24, 50, 70 అంకెలు మూడింటిలోనూ తియ్యి. షట్టర్ నొక్కేటప్పుడు కెమెరా కదలకుండా టైమర్ పెట్టు. తర్వాత నాలుగు మూలల్లో అక్షరాలు పెద్దవి చేసి చూడు. నాలుగూ సమానంగా కొంచెం మసకగా ఉంటే అది ఆ లెన్స్ తీరు, కంగారు పడొద్దు. ఒక పక్క అక్షరాలు చక్కగా ఉండి రెండో పక్క అలుక్కుపోతే అనుమానించు.

అప్పుడు కూడా వెంటనే తేల్చెయ్యకు, కెమెరా ఏటవాలుగా ఉన్నా ఇలాగే వస్తుంది. అదే చోట కెమెరాను తలకిందులుగా పట్టుకుని మళ్లీ తీసి చూడు. మసక అదే కాగితం మీద ఉంటే కెమెరా సూటిగా లేదన్నమాట. మసక ఎదురు పక్క కాగితానికి మారితే తప్పు లెన్స్‌దే. ఈ పని నాకు 2017లో తెలిసి ఉంటే బాగుండేది.

తర్వాత టార్చ్. మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇది అస్సలు వదలొద్దు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడు నా లెన్సులు తడిసిన బ్యాగులోనే ఉండిపోయాయి. తర్వాత చూస్తే ఒకదానిలో ఫంగస్ పట్టింది. రెండు మూతలూ తీసి వెనక నుంచి ఫోన్ లైటు ఏటవాలుగా వేసి, ముందు నుంచి నెమ్మదిగా తిప్పుతూ చూడు. చిన్న చిన్న దుమ్ము రేణువులు ఏమీ చెయ్యవు. సాలెగూడు దారాల్లా, సన్నటి చెట్టు వేళ్లలా కనిపిస్తే అది ఫంగస్. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన వచ్చినా తీసుకోకు.

జూమ్ రింగ్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పు. కరకరమంటే లోపలికి ఇసుక పోయిందన్నమాట. గోపాల్‌పూర్ బీచ్‌లో ప్రీవెడ్డింగ్ షూట్లకి తిరిగిన లెన్సుల్లో ఇది నేను చాలాసార్లు విన్నాను. ముందుకు సాగిన గొట్టం వేలితో కదిపితే కాస్త ఊగడం మామూలే, భయపడకు. మౌంట్, అంటే లెన్స్‌ను కెమెరాకు బిగించే చోటు, అక్కడి స్క్రూల తలలు అరిగి ఉంటే మాత్రం ఎవరో విప్పారన్నమాట, ఎందుకు విప్పారో అడుగు.

మౌంట్ చుట్టూ సన్నటి రబ్బరు రింగ్ ఉంటుంది, వేలు పెట్టి మొత్తం తడిమి చూడు. పగిలినా, ఒక చోట లేచినా వానలో నమ్మొద్దు. ఆ రబ్బరు బాగున్నా లెన్స్ నీళ్లలో తడవొచ్చని కాదు, చినుకులు ఆపుతుంది అంతే. కెనాన్ 17-40 లాంటి వాటికైతే ముందు ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు) బిగిస్తేనే ఆ రక్షణ పూర్తవుతుంది.

ఇదంతా అరగంట పని. "గోడ మీద నాలుగు ఫొటోలు తీసుకుంటానండీ" అని మర్యాదగా అడుగు. ఒప్పుకోకపోతే ఎంత తగ్గించి ఇస్తానన్నా వచ్చెయ్యి. ఒప్పుకుంటే 24 దగ్గర తీసిన రెండు ఫొటోలూ, సూటిగా ఒకటి, తలకిందులుగా ఒకటి, ఇక్కడ పెట్టు, డబ్బు ఇచ్చేలోపే చూసి చెబుతాను.