ఋణ ద్రవ్యరాశా, ప్రతిద్రవ్యమా?

సందేహం: "విశ్వం వ్యాకోచించడానికి వ్యతిరేక ద్రవ్యరాశే కారణం" అని ఒక వ్యాసంలో చదివాను. ఇంకోచోట ప్రతిద్రవ్యం అన్నారు, మరొకరు రుణ ద్రవ్యరాశి అన్నారు. మూడూ ఒకటేనా? ఏది వాడాలి?

సమాధానం: ఒకటి కాదండీ. ప్రతిద్రవ్యం అసలు వేరే సంగతి. ప్రతిబింబం, ప్రతిధ్వని మాటల్లో 'ప్రతి' ఒకదానికి జతగా ఎదుట నిలిచేదాన్ని చెబుతుంది. ఎలక్ట్రాన్‌కి అలాంటి జత పాజిట్రాన్, 1932లో కార్ల్ ఆండర్సన్ కనిపెట్టాడు. విద్యుదావేశం తారుమారే గానీ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కి ఉన్నంతే, సున్నకు పైనే. హైడ్రోజన్‌కి జత అయిన ప్రతిహైడ్రోజన్ పరమాణువులు కూడా కిందికే పడతాయని 2023లో యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో చూశారు.

ఇక 'వ్యతిరేక'. ఈ మాట వినగానే ఎదిరించేది అనే అర్థం తడుతుంది, ఇక్కడ చెప్పాల్సింది సున్నకంటే తక్కువ అని. పైగా సమీకరణాల ప్రకారం ఈ ద్రవ్యరాశిని మనం నెడితే మన మీదికే వస్తుంది! దీన్ని మామూలు ద్రవ్యరాశి పక్కన ఉంచితే ఆ మామూలుది పారిపోతుంటే ఇది వెంట తరుముతుంది, 1957లో శాస్త్రవేత్త హెర్మన్ బాండీ లెక్క వేసి చూపించిన విడ్డూరం ఇదే. వెంటపడేదాన్ని వ్యతిరేకం అంటే ఏం బాగుంటుంది?

సున్నకు దిగువన ఉన్నదానికి మనకు ఎప్పటినుంచో ఉన్న మాట ఋణం. బ్రహ్మగుప్తుడు 628లోనే ధనం, ఋణం అని లెక్కలు కట్టాడు, సున్నలోంచి ఋణాన్ని తీసేస్తే ధనం అవుతుందన్నాడు. బడి పుస్తకాల్లో ఋణావేశం, ఋణత్వరణం ఉండనే ఉన్నాయి. కాబట్టి ఋణ ద్రవ్యరాశి అనండి. 'రుణ' అని రాసినా తప్పులేదు, ఒకే వ్యాసంలో రెండూ కలపకుండా ఉంటే చాలు. మాటల్లో మైనస్ ద్రవ్యరాశి అన్నా సరే.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం 'ద్రవ్యరాశే' లోని ఆ చివరి ఏత్వం. అది ఇంకే కారణమూ లేదని తేల్చేస్తుంది. ఋణ ద్రవ్యరాశులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి కృష్ణశక్తి (వ్యాకోచాన్ని వేగపరుస్తోందని అనుకుంటున్న శక్తి), కృష్ణపదార్థం (కంటికి కనబడని, ఆకర్షణ ద్వారానే తెలిసే పదార్థం) రెండింటికీ ఇవే మూలం కావచ్చని 2018లో ఆక్స్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్త జేమీ ఫార్న్స్ ప్రతిపాదించిన మాట నిజం, కానీ అది ప్రతిపాదనే, ఋణ ద్రవ్యరాశి ఉన్న కణం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఇంకో సంగతి, ఉత్త వ్యాకోచానికి ఇది అక్కర్లేదు, విశ్వం వ్యాకోచిస్తోందన్న సంగతి 1929 నాటికే ఖగోళ శాస్త్రవేత్త హబుల్ పరిశీలనల్లో బయటపడింది. 1998లో తెలిసింది ఆ వ్యాకోచం వేగం పుంజుకుంటోందని, కారణం వెతుకుతున్నది దానికి. వ్యాకోచం అన్నా విస్తరణ అన్నా ఫరవాలేదు, 'వేగం' మాత్రం వదలకూడదు.

అంచేత ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "విశ్వ వ్యాకోచం వేగం పుంజుకోవడానికి ఋణ ద్రవ్యరాశి కారణం కావచ్చునని ఒక ప్రతిపాదన ఉంది."