పుట్టిన తేదీ లేని దొరగారు

ప్రశ్న: ఇంగ్లండు మధ్యయుగ ప్రభువు విలియం మార్షల్ మీద మా కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తున్నాను. పుట్టిన ఏడాది ఒక పుస్తకంలో 1146, ఇంకోదాన్లో 1147 అని ఉంది. ఏది వెయ్యాలి? అప్పటి దొరల పుట్టిన తేదీలు ఎలా తేలుస్తారు?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: రెండూ వెయ్యండమ్మా, “1146 లేదా 1147” అని. ఆయన పుట్టిన రోజును ఎవరూ రాసిపెట్టలేదు. ఇంగ్లండులో చర్చి రిజిస్టర్లు మొదలైందే 1538లో. ఆయన పుట్టిన ఏడాదిని ముందూ వెనకా తెలిసిన సంగతులను హద్దురాళ్లుగా పాతి తేల్చారు. తండ్రి జాన్ మొదటి భార్యను వదిలి సిబిల్‌ను చేసుకున్నది 1145 ప్రాంతంలో. ఆమెకు మొదట పుట్టింది ఇంకో జాన్, తర్వాత విలియం. 1152లో న్యూబరీ ముట్టడినాటికి స్టీఫెన్ రాజు దగ్గర బందీగా ఉన్న చిన్నపిల్లాడు ఇతనే. మరి 1216లో ఆయనకు ఎనభై దాటాయని మరణానంతరం రాయించిన పద్యచరిత్ర అంటుందే? ఆ లెక్కన 1136కి ముందే పుట్టాలి, అప్పటికి తల్లికి పెళ్లే కాలేదు. పెద్దాయన వయసు పెంచి చెప్పడం మన ఊళ్లలో చూడనిదా!

తర్వాతి తరాలవారి పని సులువు. సుమారు 1236 నుంచి, రాజు దగ్గర నేరుగా భూమి పొందినవాడు చనిపోతే స్థానికులతో ప్రమాణం చేయించి భూములెన్ని, వారసుడెవరు, వయసెంత అని రాయించేవారు. వారసుడికి 21 నిండేదాకా ఆ భూమి రాబడి రాజుదే, వయసు మీద అంత శ్రద్ధ అందుకే. “21, ఆపైన” అని ఉంటే నమ్మకండి, ముప్పై కూడా కావచ్చు. “మొన్నటి మైకేల్ పండగకి 14 నిండాయి” అని దొరికితే పంట పండినట్టే.

అది మూడో ఎడ్వర్డు ఏలుబడి 10వ ఏట నవంబరులో రాసిన కాగితం అనుకోండి. ఆ ఏలుబడి మొదటి ఏడాది 1327 జనవరి 25న మొదలైంది. చాలామంది పది కలిపి 1337 అంటారు. కలపాల్సింది తొమ్మిదే: 1336. మైకేల్ పండగ సెప్టెంబరు 29, కాబట్టి పిల్లాడు పుట్టింది 1322 సెప్టెంబరు 29న. ఇంకో మెలిక: అప్పట్లో ఇంగ్లండులో ఏడాది మార్చి 25న మారేది. కాగితంలో 1336 ఫిబ్రవరి అంటే మనకు 1337. ఉగాదికి ముందు రోజులు పాత సంవత్సరానివే అయినట్టు.

వారసుడు పెద్దవాడై భూమి అడిగితే అతను ఎప్పుడు పుట్టాడో 12 మంది సాక్ష్యం చెప్పాల్సివచ్చేది: “ఆ రోజే నా కాలు విరిగింది”, “ఆ వారమే నా కూతురి పెళ్లి”. పలాసలో “తిత్లీ తుపాను నెలలో పుట్టాడు” అంటే 2018 అక్టోబరు అని తెలిసిపోదూ, అలాగన్నమాట. కాకపోతే వేర్వేరు ఊళ్ల దస్తావేజుల్లో అవే విరిగిన కాళ్లు కనిపిస్తాయి. గుమస్తా పాతదాన్ని చూసి దింపేసేవాడు. అందుకని తేదీ తీసుకోండి, కథ వదిలెయ్యండి.

బంధుత్వాల దగ్గరా జాగ్రత్త. లాటిన్‌లో ‘నెపోస్’ అంటే మనవడూ కావచ్చు, అన్న కొడుకో అక్క కొడుకో కూడా కావచ్చు. తండ్రీ కొడుకులది ఒకే పేరైతే, వాళ్ల భార్యల పేర్లు పట్టుకుని విడదీయండి.