డ్యూటీ చార్ట్‌లో నీ పేరెక్కడ?

మీ ప్రశ్న – ఒక మాజీ నావికుడి జవాబు

ప్రశ్న: మాస్టర్ చీఫ్ గారికి నమస్కారం. నేను నేవీలో పెట్టీ ఆఫీసర్ని, ఇంజన్ రూమ్ డ్యూటీ, మా ఊరు విజయనగరం దగ్గర, ఇప్పుడు విశాఖలోనే ఉన్నాను. నా కింద ఎనిమిది మంది కుర్రాళ్ళు. మా షిప్ రీఫిట్‌కి వచ్చి ఏడు నెలలైంది సార్. సెయిలింగ్‌లో ఉన్నప్పుడు ఇదే కుర్రాళ్ళు అర్ధరాత్రి లేపినా పరిగెత్తుకొచ్చేవాళ్ళు, ఇప్పుడు పొద్దున్న అందరూ వరసలో నిలబడే ఫాలిన్‌కే కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నారు. రోజూ తుప్పు గీకే చిప్పింగ్, పెయింటింగ్, ఓడ అడుగున ఆయిలూ నీళ్ళూ చేరే బిల్జ్ కడగడం, లేకపోతే వర్క్‌షాప్ వాళ్ళు ఎప్పుడొస్తారా అని కూర్చోడం, ఇదే పని. ఇద్దరు ట్రాన్స్‌ఫర్ కావాలంటున్నారు. ఒకడైతే నెల రోజులుగా ఎవరితోనూ మాట్లాడట్లేదు, అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. నేను గట్టిగా ఒక స్పీచ్ ఇచ్చాను, దేశం, యూనిఫాం అన్నీ చెప్పాను, ఆ ఆదివారం నా డబ్బుల్తో బిర్యానీ కూడా పెట్టించాను, రెండ్రోజులు బాగానే ఉంది, మూడో రోజుకి మళ్ళీ మామూలే. ఏటి చెయ్యమంటారు?
– ఒక పెట్టీ ఆఫీసర్, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, ముందు ఆ మాట్లాడని కుర్రాడి సంగతి. నువ్వు వాణ్ణి మిగతా ఏడుగురితో కలిపి రాశావు గానీ వాడిది వేరే. నెల రోజులు తిండి తగ్గి, మాట తగ్గి ఉన్నాడంటే అది మొరేల్ సమస్య అనుకుని స్పీచ్‌తో సరిచేద్దామని చూడకు. ఈ పత్రిక నీ చేతికొచ్చిన రోజే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లో ఏమైందో, నిద్ర పడుతోందో లేదో అడుగు, చనిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడుగు, అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు. తర్వాత నువ్వే వెంటబెట్టుకుని మెడికల్ ఆఫీసర్ దగ్గరకి తీసుకెళ్ళు, మీ బాగోగులు చూసే డివిజనల్ ఆఫీసర్‌కి చెప్పు, ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలకు. మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 వాడి ఫోన్‌లో సేవ్ చేయించు, అది ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు. వీక్ అనే మాట మెస్‌లో ఎవడి నోటైనా వస్తే అక్కడికక్కడే ఆపెయ్.

ఇప్పుడు మిగతా ఏడుగురి సంగతి. నా సర్వీసులో నేను రెండు రీఫిట్లు చేశాను, రెండోది ఇక్కడే విశాఖలో. బయటి పాఠకులకి ఒక్క మాట చెప్పాలి, రీఫిట్ అంటే ఓడని రేవులో కట్టేసి మెషినరీ విప్పేసి బాగుచేసే కాలం, ఓడలో ఏసీ ఉండదు, వెంటిలేషన్ ఉండదు, ఎక్కడ చూసినా కేబుళ్ళు, దుమ్ము, సుత్తి చప్పుడు, ఇంక మన విశాఖ మే నెల ఉక్కపోత తోడైతే పది గంటలకే ఓవరాల్ పిండితే నీళ్ళు కారతాయి. కానీ కుర్రాళ్ళు డల్ అయిపోయింది ఈ కష్టం వల్ల అని నేననుకోను. సముద్రంలో ఇంతకంటే ఎక్కువ వేడిలో పని చేశారు కదా వాళ్ళే. తేడా ఎక్కడుందంటే, సెయిలింగ్‌లో ఇంజన్ రూమ్ కుర్రాడికి వాడి పని ఏమైందో అప్పటికప్పుడే తెలుస్తుంది, జనరేటర్ ఆగితే ఓడంతా చీకటి, వాడే మళ్ళీ స్టార్ట్ చేస్తే లైట్లొస్తాయి, పైనున్న రెండొందల మందికి వాడి పేరు తెలుస్తుంది. రీఫిట్‌లో ఇవాళ గీకిన తుప్పు రేపు ఎవరికి కనబడుతుంది చెప్పు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది గుర్తుందా, నువ్వప్పుడు స్కూల్లోనో కాలేజీలోనో ఉండుంటావ్. నేను సర్వీసులో ఉన్నాను. తర్వాతి రోజుల్లో మా కుర్రాళ్ళు రోడ్ల మీద పడ్డ చెట్లు కోసి లాగారు, కరెంటు లేదు, స్నానానికి నీళ్ళు లేవు, తిండి వేళకి అందేది కాదు, చేతులు బొబ్బలెక్కాయి, అయినా ఒక్కడు గొణగలేదు, ఎందుకంటే చెట్టు తీయగానే వెనకాల ఆగిపోయిన అంబులెన్స్ కదిలేది, అది వాళ్ళ కళ్ళముందే కదిలేది. అంతకుముందు నెలంతా డ్యూటీకి రమ్మంటే ముఖం ముడుచుకున్నది కూడా వీళ్ళే. ఆ వారంలో నేను ఎవరికీ ఏ స్పీచూ ఇవ్వలేదు.

కాబట్టి మొదటి పని, ఒక్కో కుర్రాడికి ఒక్కో మెషిన్ అప్పజెప్పు. ఈ ఫైర్ పంప్ నీది, ఆ ఎయిర్ కంప్రెసర్ నీది అని పేరుతో సహా బోర్డు మీద రాసి పెట్టు. విప్పేటప్పుడు వాడుండాలి, ఏ పార్ట్ వర్క్‌షాప్‌కి వెళ్ళిందో వాడికే తెలియాలి, వెనక్కి రాలేదంటే వెంటపడి అడగాల్సింది వాడే, బిగించాక ట్రయల్ రోజున స్టార్ట్ చేసేది కూడా వాడే, ఇంజనీర్ ఆఫీసర్ రౌండ్స్‌కి వస్తే నువ్వు నోరు మూసుకుని పక్కన నిలబడు, వాణ్ణే చెప్పనియ్. తప్పు చెప్తే తర్వాత నువ్వు సరిదిద్దొచ్చు. బిల్జ్ కడగడం తప్పదు, కానీ ఎందుకు కడుగుతున్నామో చెప్పి కడిగించు, అక్కడ పేరుకున్న ఆయిలే రేపు వెల్డింగ్ నిప్పురవ్వకి అంటుకుంటుందని తెలిసినవాడు మూలలు కూడా కడుగుతాడు.

వీలైతే వాళ్ళకి మన పాత విమాన వాహక నౌక విక్రాంత్ సంగతి చెప్పు. 1971 నాటికి ఆ ఓడ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులుంది, పూర్తి వేగం అందుకోలేని పరిస్థితి, అలాంటి ఓడని పాకిస్తాన్‌తో యుద్ధానికి తీసుకెళ్ళాలా వద్దా అని పెద్ద చర్చే నడిచింది. చివరికి అదే ఓడ బంగాళాఖాతంలోకి వెళ్ళింది, డిసెంబర్ 4న దాని మీంచి లేచిన సీ హాక్ విమానాలే అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. అందరూ పైలట్ల గురించే చెప్తారు, చెప్పాలి కూడా, కానీ పగిలిన బాయిలర్‌ని పక్కన పెట్టుకుని మిగతావాటితో స్టీమ్ ఇచ్చిన కుర్రాళ్ళు కిందే ఉన్నారు కదా, వాళ్ళు మన బ్రాంచ్ వాళ్ళే. ఇది మైకులో చెప్పే విషయం కాదు, టీ తాగుతూ పంప్ పక్కన కూర్చుని చెప్పు.

రెండోది డ్యూటీ చార్ట్. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, స్పీచ్ ఉంది, బిర్యానీ ఉంది, డ్యూటీలు ఎవరికి ఎలా వేస్తున్నావో ఒక్క ముక్క లేదు. చిన్న యూనిట్‌లో మనోధైర్యం అంతా అక్కడే ఉంటుంది తమ్ముడూ, ఆ కాగితం మీద. వాళ్ళు రోజూ చదివేది అదే, ఎవడికి మూడు ఆదివారాలు వరసగా పడ్డాయో, ఎవడికి ఒక్కటీ పడలేదో నీకంటే బాగా లెక్కపెట్టి ఉంటారు. రెండు వారాల ముందే వేసి అతికించు, మార్చాల్సొస్తే ఎందుకు మార్చావో అందరి ముందూ చెప్పు. రూల్ ప్రకారం నీకు లేని డ్యూటీలుంటాయి, తెలుసు, అయినా నెలకొక ఆదివారం, ఒక పండగ రాత్రి నువ్వు వచ్చి వాళ్ళతో ఉండు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు 14వ ఆర్మీని నడిపిన జనరల్ స్లిమ్ ముందున్న దళాలకి సగం రేషన్ అయినప్పుడల్లా తన హెడ్‌క్వార్టర్స్‌కి కూడా సగం రేషనే పెట్టించేవాడు, దాని వల్ల మిగిలే బియ్యం ఎంత, ఏమంత లేదు, కానీ ఆఫీసులో కూర్చున్నవాళ్ళు ముందున్నవాళ్ళ ఆకలి మర్చిపోకుండా ఉండడానికి అది పనికొచ్చింది.

నీ స్పీచ్ రెండ్రోజులే ఎందుకు నిలిచిందో కూడా చెప్తాను. 1948లో ఎడ్వర్డ్ షిల్స్, మోరిస్ జానోవిట్జ్ అని ఇద్దరు, ఓడిపోతున్నా జర్మన్ సైనికులు చివరిదాకా ఎందుకు పోరాడారని పరిశీలించి రాశారు, వాళ్ళకి కనబడిందేంటంటే పెద్ద పెద్ద సిద్ధాంతాల కంటే పక్కనున్న పది మంది, వాళ్ళ మధ్య నమ్మకం, తిండి, తమని చూసుకునే నాయకుడు, ఇవి చెదరనంతకాలం యూనిట్ నిలబడింది అని. దేశభక్తి నీ కుర్రాళ్ళకి తక్కువని కాదు, అది ఉంది కాబట్టే యూనిఫాం వేసుకున్నారు, దాన్ని నువ్వు కొత్తగా నూరిపోయక్కర్లేదు.

లీవ్ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. నేను నీకంటే ఒక మెట్టు కింద, లీడింగ్ హ్యాండ్‌గా ఉన్నప్పుడు ఒక ఒడిశా కుర్రాడు చెల్లెలి పెళ్ళికి లీవ్ అడిగాడు, నేను చూసుకుంటాలే అన్నాను, కాగితం తీసుకుని పై జేబులో పెట్టుకున్నాను, పనిలో పడి రెండ్రోజులు ఆలస్యంగా ఇచ్చాను, అప్పటికే ఆ వారం లీవ్ మీద వెళ్ళేవాళ్ళ సంఖ్య నిండిపోయింది. వాడు పెళ్ళికి వెళ్ళలేకపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర నాతో ఉన్నాడు, చెప్పింది చెప్పినట్టు చేశాడు, అంతకుమించి ఒక్క నట్టు కూడా బిగించలేదు. ఇప్పటికీ ఆ పై జేబు గుర్తొస్తే గుండె పట్టేసినట్టుంటుంది. అందుకే చెప్తున్నా, మాటివ్వలేకపోతే ఇవ్వకు, ఇచ్చావా ఆ కాగితం నీ చేత్తో నువ్వే తీసుకెళ్ళి డివిజనల్ ఆఫీసర్ బల్ల మీద పెట్టు, కుదరదంటే పై ఆఫీసర్ ముందు నిలబడి విన్నపం చెప్పుకునే రిక్వెస్ట్‌మెన్‌కి కుర్రాడితో పాటు నువ్వూ నిలబడు. వచ్చిన జవాబు కాదు అయినా సరే, నువ్వు నిలబడ్డావని వాడు చూస్తాడు.

ఇంకొకటి నువ్వు రాయలేదు గానీ నాకు అనుమానం. నీది విజయనగరం, ఎనిమిది మందిలో తెలుగు కుర్రాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు. వాళ్ళతో తెలుగులో మాట్లాడి నవ్వుతుంటే పక్కనున్న పంజాబ్ కుర్రాడు, కేరళ కుర్రాడు ఏమనుకుంటారో ఆలోచించావా, మాట అర్థం కాకపోతే మనిషి తన గురించే అనుకుంటాడు. పని దగ్గర అందరికీ అర్థమయ్యే హిందీలోనే మాట్లాడు. పైడితల్లమ్మ సిరిమాను మంగళవారానికి మనవాడికి లీవ్ ఎంత అవసరమో, ఓణానికి ఆ కేరళ కుర్రాడికీ అంతే. ఏడాది మొదట్లోనే అందరి పండగలూ, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళూ, ఇంట్లో కాన్పులూ ఒక పుస్తకంలో రాసుకో.

ఎదురుచూసే గంటల గురించి. వర్క్‌షాప్ వాళ్ళు రాలేదని పదింటి నుంచి ఒంటిగంట దాకా ఖాళీగా కూర్చోబెట్టడం కంటే పాడు పని లేదు, దానికంటే పాడుది ఒక్కటే ఉంది, నిన్న రుద్దిన ఇత్తడే ఇవాళ మళ్ళీ రుద్దించడం. ఆ గంటల్లో ప్రమోషన్ పరీక్షకి చదివించు, నీకొచ్చిన పని నేర్పు, విప్పిన వాల్వ్ ఎదురుగానే ఉంది, అంతకంటే మంచి క్లాస్‌రూమ్ ఎక్కడ దొరుకుతుంది. పని మూడింటికే అయిపోతే చీఫ్‌ని అడిగి పంపించెయ్. నౌసేనా బాగ్ నేవీ క్వార్టర్స్‌లో పెళ్ళాం పిల్లలున్నవాడికి ఆ రెండు గంటలు నీ బిర్యానీ కంటే ఎక్కువ.

బిర్యానీ తప్పని కాదు, మన దగ్గర బడా ఖానా పెట్టేదే అందుకు, ఆఫీసర్లూ జవాన్లూ ఒకేచోట తినడానికి. కానీ ఏ విశేషమూ లేని మంగళవారం వాళ్ళు తినే పప్పన్నమే వాళ్ళ పక్కన కూర్చుని తిను, ఉప్పెక్కువైతే వంటగదికి, అదే గ్యాలీకి వెళ్ళి నువ్వే చెప్పు. ఒక సాయంత్రం అందర్నీ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌కి తీసుకెళ్ళు, 1969 నుంచి 2001 దాకా సర్వీసు చేసిన పడవ అది, ఆ ఇరుకులో డెబ్బై మందికి పైగా ఎలా బతికారో మన ఇంజన్ రూమ్ కుర్రాళ్ళు చూస్తే టూరిస్టులు చూసినట్టు చూడరు, ప్రతి వాల్వ్ దగ్గరా ఆగిపోతారు. బయటికొచ్చాక మురీ మిక్చర్ కొనిపెట్టు చాలు.

ట్రాన్స్‌ఫర్ అడిగిన ఇద్దర్నీ ద్రోహుల్లా చూడకు. కారణం ఇంటిదైతే సాయం చెయ్. మిగతాదైతే మెషిన్ అప్పజెప్పి ట్రయల్స్ దాకా ఆగమని అడుగు, ఆర్డర్ వెయ్యకు, అడుగు.

ప్రశ్న: మా అబ్బాయి అగ్నివీర్‌గా ఆర్మీలో చేరి రెండేళ్ళయింది. ఫోన్ చేసినప్పుడల్లా నాలుగేళ్ళ తర్వాత ఏంటమ్మా అంటాడు, వాళ్ళ సెక్షన్‌లో అందరిదీ అదే గోల అట. నాకు ఏడుపొచ్చేస్తుంది, వచ్చెయ్ నాన్నా అనేస్తున్నాను.
– ఒక తల్లి, పెందుర్తి

జవాబు: అమ్మా, మీ ఏడుపు నాకు అర్థమవుతుంది, మా అమ్మా అలాగే ఏడ్చేది. కానీ వచ్చెయ్ అనే మాట ఇంక అనకండి, మీరు పెట్టేశాక ఆ మాటతో వాడు రాత్రంతా సెంట్రీ నిలబడాలి. నాలుగేళ్ళ తర్వాత 25 శాతం వరకూ రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు, మిగిలినవాళ్ళకి సేవానిధి కింద సుమారు 11.71 లక్షలు వస్తాయి, ఈ రెండూ స్కీమ్‌లో రాసున్నవే. భయం పోగొట్టాలంటే రెండు దారులకీ ఇప్పుడే సిద్ధం కావాలి, చదువు ఆగిన చోట నుంచి మొదలెట్టమనండి, డ్రైవింగో ఎలక్ట్రికల్ పనో ఏ ట్రేడ్ నేర్పితే అది గట్టిగా పట్టుకోమనండి, ఆ డబ్బు మీద ఇంట్లో ఎవరూ ముందే లెక్కలు వెయ్యకండి, ఇది మరీ ముఖ్యం. ఫోన్‌లో ఎక్కడున్నావని అడక్కండి. గేదె ఈనిందనీ, పక్కింటోళ్ళ గొడవ తీరిందనీ, మామిడికాయ పచ్చడి పెట్టాననీ చెప్పండి. సెలవుకొచ్చి వెళ్ళేటప్పుడు పదిమందికి సరిపడా మాడుగుల హల్వా కట్టివ్వండి, వాడొక్కడికే కాదు.

ప్రశ్న: అంకుల్, నేను ఎన్‌సీసీ నేవల్ వింగ్ కెడెట్‌ని, తెడ్లతో పడవ లాగే బోట్ పుల్లింగ్ టీమ్‌కి నేనే కాక్సన్, అంటే చుక్కాని పట్టి లాగేవాళ్ళని నడిపేది నేనే. ఐదుగురు లాగుతారు. ఎంత అరిచినా స్పీడ్ పెరగట్లేదు, ఒకమ్మాయి నేను మానేస్తా అంటోంది.
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అరవడం ఆపు తల్లీ. లయ ఇచ్చే స్ట్రోక్ తెడ్డు అమ్మాయిని చూసి మిగతా నలుగురూ లాగుతారు, నువ్వు ఐదుగురి మీదా ఒకేసారి అరిస్తే ఎవరి లయ పట్టుకోవాలో తెలీక తెడ్లు ఒకదానికొకటి తగులుతాయి. ఒక వారం స్పీడ్ మాటే ఎత్తకు, నెమ్మదిగా ఐదు తెడ్లూ ఒకేసారి నీళ్ళల్లో పడేదాకా లాగించు. పేరు పెట్టి మెచ్చుకో, తప్పు ఎవరిదైనా ఒడ్డుకొచ్చాక ఒంటరిగా చెప్పు. ఆ మానేస్తానన్న అమ్మాయి చేతులు ఒకసారి చూడు, బొబ్బలుంటాయి, టేప్ చుట్టించు. శనివారం ప్రాక్టీస్‌కి కాక్సన్ సీట్లో ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఆ తెడ్డు నువ్వు పట్టుకో.