అర్బన్ డిజైనర్ ఏం చేస్తారు? ఏం చదవాలి, ఎలాంటి హాబీలు పనికొస్తాయి?

ఆర్కిటెక్ట్ ఇల్లు గీస్తే, ఆ ఇంటికీ పక్కింటికీ రోడ్డుకీ మధ్య మిగిలే జాగా సంగతి చూసేది అర్బన్ డిజైనర్. మాది నెల్లూరు కాబట్టి అక్కడి ఉదాహరణే చెప్తాను. సాయంత్రం ఆరింటికి ట్రంకు రోడ్డులో నడిచి చూడండి. షాపు మెట్లు ముందుకొచ్చి ఉంటాయి, వాటి ముందు బైకులు, వాటి పక్కన పండ్ల బండి. మనిషికి మిగిలేది కాలవ మీది మూత, అదీ ఉంటే! అదే రంగనాయకుల గుడి వెనక పెన్న ఒడ్డుకి వెళ్తే, ఎవరూ రమ్మనకపోయినా జనం వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. ఎందుకు కూర్చుంటారు? నీడా, గాలీ, ఎదురుగా నీళ్లూ. ఇలాంటివి పసిగట్టడమే ఈ పనిలో సగం.

చదువంటారా, ఇంటర్ ఎంపీసీ తర్వాత ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్షలైన నాటా గానీ జేఈఈ మెయిన్ పేపర్ 2 గానీ రాసి 5 ఏళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ, అంటే బీఆర్క్, చేయాలి. విజయవాడలో 2008లో పెట్టిన ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) దగ్గర్లో ఉంది. అర్బన్ డిజైన్‌లో పీజీ, అంటే ఎంఆర్క్, ఇంకో 2 ఏళ్లు. ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టాలంటే 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

హాబీల్లో నా ఓటు కాలినడకకీ స్కెచ్ పుస్తకానికీ. ఫోటో క్షణంలో అయిపోతుంది, బొమ్మ గీస్తే అరుగు ఎత్తెంతో కూడా చూడాల్సొస్తుంది. రాళ్ల మీద కూడా కాస్త ఇష్టం పెంచుకోండి. చీమకుర్తి నల్ల గ్రానైట్ నున్నగా పాలిష్ చేసి వాన పడే మెట్లకి వేశారంటే, మొదటి జల్లుకే ఎవరో ఒకరు జారిపడతారు.